నొప్పిగోళీ: వియ్యంకుల సంవాదము

శాలిబండ గడియారపు స్తంభమునకును లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి గుడికిని నడుమనున్న దూరము కాళ్లు సరిగా నున్నవానికి లెక్కలోనిది కాదు. మోకాళ్లు అరిగినవానికో, అది కాశీయాత్రకు దీటైనది. ఆ దారిలో నొక పాతయింటి అరుగుమీద, నలువదియేండ్లు తెలుగు పాఠములు చెప్పి విరమించిన మా పంతులుగారు సాయంకాలములందు కూర్చుందురు. వారి ప్రక్కన ఎల్లప్పుడు నొక రేకుడబ్బా యుండును. ఒకప్పుడు అందులో ఉస్మానియా బిస్కత్తు లుండెడివి. ఇప్పుడు గోళీలు కలవు. గడచిన ఆషాఢమున, బోనాలకు పదిదినములు ముందుగా, గౌలిపురానుండి వచ్చిన వారి వియ్యంకుడు ఆ డబ్బా మూత తీయుటతో మొదలైన వాదమును, ఎదుటియింటివాడను, పూర్వశిష్యుడను అగు నేను ప్రక్కనే కూర్చుండి వింటిని. వియ్యంకులవారు ఒక ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చు కిటికీ వెనుక ముప్పదియేండ్లు నిలిచినవారు. ఉద్యోగపు కాగితములలో ఫార్మసిస్టు, వీథిలో మాత్రము కాంపౌండరు. వియ్యంకుల పరిహాసమునకు హద్దు లేదని లోకమెరుగును గనుక కొన్ని మాటలు విడిచి, తక్కినవి వ్రాయుచున్నాను.

కాంపౌండరు: బావగారూ, ఈ డబ్బాలో నెన్ని రకముల గోళీలున్నవో మీకు తెలియునా?

పంతులు: తెలియకేమి? బీపీది యొకటి, గుండెకని చిన్న ఆస్పిరిన్ ఒకటి, గ్యాస్ గోళీ యొకటి, నొప్పిగోళీలు రెండు. పంచపాండవులు. ఆ నొప్పిగోళీలే నా భీమార్జునులు. వారు లేనినాడు ఈ కురుక్షేత్రమున నేను మంచము దిగజాలను.

కాంపౌండరు: మీరు భీమార్జునులనుచున్న వారిద్దరు నొక్కడే. పైని పెద్ద అక్షరములలో పేర్లు రెండు. క్రింద చీమతలకాయలంత అక్షరములలో నున్నది చదువుడు. దీనిమీదను డైక్లోఫెనాక్, దానిమీదను డైక్లోఫెనాకే. డాక్టరుగారు వ్రాసినది 50 మిల్లీగ్రాములది, దినమునకు మూడు. మెడికల్ షాపువాడు చేతిలో పెట్టినది 100 మిల్లీగ్రాములది, రాత్రికొకటి. కూడుడు. 250 అయినది. పెద్దవారికి దినమునకు పెట్టిన హద్దు 150. నా మాట విందురేని ఈ రెంటిని నేడే మూసీలో కలిపెదరు.

పంతులు: లెక్కలలో నేనెప్పుడును బలహీనుడనే, రెండవది మానివేసెదను. కాని మొదటిదానిని మూసీలో కలుపుమనుటకు మీకేమి హక్కు? వినుడు. ఈ గోళీ వేసికొననినాడు, తెల్లవారి లేచి గోడను పట్టుకొని స్నానపుగదికి పోవునప్పటికి నా ఆయువులో ఒక మాసము తరిగినట్లుండును. మెట్టు దిగుట మానుదును, గుడి మానుదును, మనుమరాలిని బడికి దిగవిడుచుట మానుదును. నడువనివాని తొడకండరము కరగిపోవును, కండ కరగిన మోకాటిమీద బరువంతయు ఎముకలపైనే పడును, బరువు పెరుగును, షుగరు పెరుగును, నిద్ర చెడును, నిద్ర చెడినవాడు ఇంటిల్లిపాదిని కసరుకొనును. నొప్పి మనుష్యుని ఓర్పునకు పరీక్ష యని ఉపదేశించు వారెవరికిని మోకాళ్లు నొచ్చుట నేను చూడలేదు. మీరు గోళీవలని హానిని చెప్పెదరు. గోళీ లేమివలని హానిని ఎవరు లెక్కింతురు?

(ఈ ప్రశ్నకు కాంపౌండరుగారు వెంటనే సమాధానము చెప్పలేదు. చాయ వచ్చినది. త్రాగుట అయిన పిమ్మట వారు మరియొక వైపునుండి వచ్చిరి.)

కాంపౌండరు: ఎన్నాళ్లుగా వేసికొనుచున్నారు?

పంతులు: పదియేండ్లు. ఏమైనది? మీ యెదుట కూర్చుండియున్నాను. ప్రత్యక్షమును మించిన ప్రమాణము లేదని తర్కము చదివినవారందరు నొప్పుకొందురు.

కాంపౌండరు: ఈ ప్రత్యక్షప్రమాణమునే నమ్మి ఈ నగరముననే ఒక గొప్ప వైద్యుడు పొరబడెను. ఎడ్వర్డ్ లారీ యను దొర ఇచ్చటి వైద్యపాఠశాలకు అధిపతి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వేలమందికి క్లోరోఫాము ఇచ్చి శస్త్రచికిత్సలు చేసినవాడు. ఊపిరిని కనిపెట్టియున్నచో చాలును, క్లోరోఫాము గుండెను ముట్టదు అని ఆయన సిద్ధాంతము. దానిని స్థాపించుటకు ఆరవ నిజాము ధనమిచ్చినాడు. 1888లో నొకటి, 1889లో నొకటి, హైదరాబాదు క్లోరోఫాము కమిషనులను పేర రెండు విచారణలు జరిగినవి. లండనునుండి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చి కుక్కలపైని, కోతులపైని పరీక్షలు జరిపి, లారీ మాటయే నిజమనెను. లోకమంతయు హైదరాబాదు పేరు చెప్పుకొన్నది. 1911లో లెవీ యను నతడు, క్లోరోఫాము స్వల్పముగా ఇచ్చినప్పుడే గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని చూపువరకు ఆ వివాదము తీరలేదు. లారీ అబద్ధమాడలేదు. ఆయన చూచినది ఆయన చూచినాడు. చూడనిది లెక్కలోనికి రాలేదు.

పంతులు: భేషు. నన్ను లారీదొరతో పోల్చితిరి. ఇంతవరకు ఎవరును ఇంత గౌరవము చేయలేదు. కాని నా లోపల నేను చూడని దేమున్నది?

కాంపౌండరు: కడుపు, మూత్రపిండములు, గుండె. కడుపుతో మొదలుపెట్టెదను. మన వీథిలో నల్లా ఒక్కటే గొట్టమునుండి రెండిండ్లకు పోవుననుకొనుడు. ఒక యింట గొట్టము పగిలి వాకిలి బురదయైనది. అదియే మీ మోకాటి వాపు. రెండవ యింటివారు ఆ నీటితోనే వంట చేసికొనుచున్నారు. మీ గోళీ వీథి మొదటనున్న వాల్వును బిగించును. ఇక్కడ బురద ఆరును. అక్కడ పొయ్యిమీద కుండ ఎండును. శరీరమున ఆ నీటి పేరు ప్రోస్టాగ్లాండిను. వాపును నొప్పిని పెంచునది అదియే. కడుపు గోడకు జిగట పూత పూసి, తన ఆమ్లమే తనను తినకుండ కాపాడునదియు అదియే. ఆస్పిరిన్ జాతి మందులు ఆ వాల్వును బిగించుటచేతనే పనిచేయునని జాన్ వేన్ 1971లో కనిపెట్టెను. 1982లో నోబెల్ బహుమానమున భాగము పొందెను.

పంతులు: అందుకే కదా నేను అన్నము తినిన పిదపనే వేసికొందును.

కాంపౌండరు: అన్నము కడుపులో మంటను కొంత తగ్గించును, పుండును ఆపదు. గోళీ కడుపు గోడకు తగులుటవలన చేయు హాని స్వల్పము. నెత్తురులో కలిసి తిరిగివచ్చి చేయునదే పెద్దది. కనుకనే, "గోళీ వద్దు, సూది వేయుడు, అది కడుపులోనికి పోదు కదా" అని కిటికీవద్ద నన్నడిగిన వారికందరికి, సూదికూడ నెత్తురు దారిననే కడుపునకు పోవునని చెప్పి చెప్పి నా గొంతు పోయినది. పైగా ఈ పుండు నొప్పి లేకుండగనే ముదురును. నొప్పిని ఆపు గోళీయే కదా వేసికొనుచున్నాము. తారువలె నల్లని విరేచనమో, కాఫీపొడివంటి వాంతియో అయిననాడు గాని తెలియదు. అరువదియైదు దాటిన మీవంటివారికి, గుండెకని ఆస్పిరిన్ కూడ వేసికొనువారికి, ఆ భయము మరింత హెచ్చు.

పంతులు: గ్యాస్ గోళీ యెందుకున్నది మరి?

కాంపౌండరు: అది మంచి కాపలావాడే, కాని ఒక్క ద్వారముననే నిలుచును. పాంటొప్రజోలు పరగడుపున, తినుటకు అరగంట ముందు వేసికొనినచో కడుపును కాచును. మీరు రాత్రి పండుకొనునప్పుడు, ఉబ్బరము తోచినప్పుడు వేసికొనుచున్నారు. అదట్లుండనిండు. మూత్రపిండములను, గుండెను ఆ గోళీ ఎరుగనే యెరుగదు.

(ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. "గ్యాస్" అను శబ్దము మన నగరమున ఛాతీనొప్పి మొదలు మనోవ్యాధి వరకు సర్వమును తనలో నిముడ్చుకొనినది. ఆ పేరుతో నొక గోళీ ప్రతి యింటను కలదు. దానిని వేసికొనినచో తక్కిన గోళీలన్నియు పవిత్రములగునని మా వీథివారి నమ్మకము. నాకును ఆ దినము వరకు నుండెను.)

కాంపౌండరు: మీ బీపీ గోళీని చూచితిరా? అందులో రెండు మందులు కలవు. ఒకటి టెల్మిసార్టాను, రెండవది మూత్రమును హెచ్చుచేసి ఉప్పును నీటిని వెలికి పంపునది. మూత్రపిండపు జల్లెడలోనికి నెత్తురు వచ్చు సన్ననాళమును, ఒంటిలో నీరు తక్కువైనప్పుడు తెరచియుంచునది మరల ఆ ప్రోస్టాగ్లాండినే. నొప్పిగోళీ వచ్చు దారిని ఇరుకు చేయును. టెల్మిసార్టాను పోవు దారిని వదులు చేయును. నీటిగోళీ ఉన్న నీటిని తగ్గించును. మూడు చేతులు కలిసినచో జల్లెడలో ఒత్తిడి యెక్కడిది? మే నెల యెండలో, వాంతులు విరేచనములు పట్టుకొనినప్పుడు, రంజాను ఉపవాసములలో పగలంతయు నీరు ముట్టనివారికి, ఈ మూడును కలియుట మిక్కిలి ప్రమాదము. మొగల్‌పురాలో దినమంతయు సుత్తితో వెండి వరఖు కొట్టువారు, లాడ్‌బజారులో నిప్పుసెగ యెదుట లక్కగాజులు చేయువారు, సాయంకాలమున షాపుకు పోయి రెండు నొప్పిగోళీలు కొని చాయతో మ్రింగి యింటికి పోవుదురు. వారిలో నెవరికి బీపీ కలదో, ఎవరి మూత్రపిండములు అప్పటికే సగమైనవో అడుగు దిక్కు లేదు.

పంతులు: మీరు చెప్పునది భయము పుట్టించుచున్నదే కాని, మందు దోషమని నేనొప్పుకొనను.

కాంపౌండరు: అయినచో రాబందులనడుగుడు. పశువుల నొప్పులకు ఇదే డైక్లోఫెనాక్ ఇచ్చెడివారు. చచ్చిన పశువును తినిన రాబందులకు మూత్రపిండములు చెడి, లోపలి అవయవములనిండ తెల్లని యూరికామ్లపు పొర పేరుకొని కుప్పలుగా చచ్చినవి. 2004లో ఆ కారణము తేలినది. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించినది. అప్పటికి దేశమున రాబందుల జాతి దాదాపు అంతరించినది.

పంతులు: రావణుని ఖడ్గమునకు రెక్కలు తెగినను రామునికి వార్త చెప్పువరకు ప్రాణము నిలుపుకొనిన జటాయువు జాతి, నా మోకాటి గోళీకి చచ్చినదా! విచారకరమే. కాని నేను రాబందును కాను బావగారూ. మీ పోలిక అతివ్యాప్తి.

కాంపౌండరు: ఒప్పుకొంటిని. రాబందుకు అణుమాత్రము చాలును, మనుష్యుడు దానికన్న చాల తట్టుకొనును. ఆ వాదమును ఉపసంహరించుకొనుచున్నాను. గుండె మాట మాత్రము విడువను. కడుపును విడిచి వాపును మాత్రమే పట్టు గోళీ చేసితిమని 1999లో రోఫెకాక్సిబ్ అను నొకదానిని అమెరికావారు అంగడికి తెచ్చిరి. రెండిండ్ల నల్లాలను వేరుచేసిన మహాశిల్పులని అందరు మెచ్చిరి. గుండెపోట్లు, పక్షవాతములు హెచ్చగుచున్నవని తేలి, 2004 సెప్టెంబరులో దానిని చేసినవారే వెనుకకు తీసికొనిరి. ఆ యేటనే మన దేశమునను నిషేధించిరి. గుండెకు హెచ్చు హానిచేయు వాటిలో డైక్లోఫెనాకు కూడ నున్నదని, గుండెజబ్బు గలవారికి ఇయ్యరాదని 2013లో ఐరోపావారు హెచ్చరించిరి. మీ డబ్బాలో గుండె గోళీయు ఇదియు ఒకే గదిలో కాపురమున్నవి.

పంతులు: అయినచో చార్మినారు ప్రక్కనే నిజామియా తిబ్బీ దవాఖానా యున్నది, హకీములు వజా-ఉల్-మఫాసిల్ అని పిలుచు ఈ కీళ్లనొప్పులకు శతాబ్దములుగా సూరంజాన్ ఇచ్చుచున్నారు. మొక్కనుండి వచ్చినది, ప్రకృతిసిద్ధము. అక్కడికే పోయెదను.

కాంపౌండరు: తప్పక పొండు, హకీముగారు నాడి చూచి, వయస్సడిగి, మోతాదు చెప్పి ఇచ్చిన మందును నేను నిందింపను. కాని ప్రకృతిసిద్ధమన్న మాటతో మోసపోకుడు. ఆ జాతి దుంపలోనిదే కాల్చిసిన్. 1820లో ఫ్రెంచివారు దానిని వేరుచేసిరి. వాతరక్తమున బొటనవ్రేలు నిప్పువలె మండునప్పుడు అర మిల్లీగ్రాము గోళీగా ఇప్పటికిని ఇచ్చెదరు; కొలది హెచ్చినచో, అందులో మూత్రపిండములు బలహీనమైనవానికి, అది విషము. ఆస్పిరిన్ మాత్రము? విల్లో చెట్టు బెరడునుండి మొదలైన కథయే కదా.

పంతులు: ఇక నా వంతు. మీరు కడుపన్నారు, మూత్రపిండములన్నారు, గుండెయన్నారు. ఇంత విని భయపడిన ముసలివాడేమి చేయును? నొప్పి తగ్గలేదు కదా. "ఇంగ్లీషు మందు కాదు, వేళ్ల పొడి, ఏ హానియు లేదు" అని పొట్లము కట్టి అమ్మువాని యొద్దకు పోవును. అద్భుతముగా నొప్పి తగ్గును. ఏల తగ్గినదో మీకు తెలియును.

కాంపౌండరు: తెలియును. అందులో చాలమారులు స్టిరాయిడో, ఈ డైక్లోఫెనాకే నూరి కలిపియుండును. ముఖము ఉబ్బును, షుగరు పెరుగును, ఎముకలు గుల్లబారును.

పంతులు: అనగా, మందు పేరు చెప్పి భయపెట్టి, పేరులేని అదే మందును మ్రింగునట్లు చేయుచున్నారు. చీటీమీద కొలత వ్రాసి ఇచ్చిన విషము మేలా, కొలత లేక పొట్లములో నిచ్చిన విషము మేలా? మూసీలో కలుపుమన్న మీ మాటను ఇప్పుడైనను వెనుకకు తీసికొనుడు.

(కాంపౌండరుగారు చాలసేపు మాటాడలేదు. వీథిలో పోతరాజు వేషమునకు అభ్యాసము చేయు పిల్లవాండ్ర డప్పు వినబడుచుండెను. తరువాత వారు చెప్పినది వాదము కాదు.)

కాంపౌండరు: తీసికొనుచున్నాను. నా కోపమునకు కారణము మీ డబ్బా కాదు బావగారూ. మా అక్కయ్యకు ముప్పదియెనిమిదవ యేట రెండు చేతుల వ్రేళ్ల కణుపులు వాచినవి. తెల్లవారి లేచినచో గంటకు మించి పిడికిలి ముడుచుకొనలేకపోయెడిది. గాజులు దిగెడివి కావు. తమ్ముడు కాంపౌండరు కదా! ఆరేండ్లు నేనే నొప్పిగోళీలు తెచ్చి ఇచ్చితిని. నొప్పి తగ్గెడిది, వంట చేసెడిది, నేను సంతోషించెడివాడను. మీ మోకాటి అరుగుదలలో ఉదయపు బిగువు అరగంటలోపల సడలును; గంటసేపు సడలని బిగువు ఆమవాతపు గురుతని మందులిచ్చు నాకు తెలిసియుండవలసినది. ఆ గోళీ నొప్పిని ఆపినది గాని వ్యాధిని ఆపలేదు. అది వేసికొనుచుండగనే కీళ్లు లోలోపల తినబడి వ్రేళ్లు ప్రక్కకు వంగిపోయినవి. పెద్దడాక్టరుగారు మెథోట్రెక్సేట్ వ్రాసిరి. వారమునకొక్కమారు మాత్రమే వేసికొనవలసిన మందది. ఇంటివారు తక్కిన గోళీలవలె దినమునకొకటి అనుకొని రెండుదినములు ఇచ్చిరి. మూడవనాడు నేను చూచితిని గనుక బ్రదికినది. అట్లే దినదినము వేసినచో ఎముకలలో నెత్తురు పుట్టుట నిలిచిపోయెడిది. వ్రేళ్లు మాత్రము చక్కబడలేదు. ఇప్పటికిని అన్నము కలుపుకొనజాలదు.

పంతులు: ఈ సంగతి ఇన్నేండ్లలో నాకు చెప్పలేదు.

కాంపౌండరు: కిటికీ వెనుక నున్నవాడు తన తప్పును కిటికీ ముందు చెప్పునా?

పంతులు: సరే. నేను నడువవలెను, మీరు భయపడవలెను. ఎట్లు?

కాంపౌండరు: ముందుగా నెత్తురు పరీక్ష. క్రియాటినిన్ చూడక నేనొక్క గోళీని కూడ సమర్థింపను. రెండవది, అదే డైక్లోఫెనాక్ పూతమందుగా కలదు. చర్మమునకు దగ్గరగా నున్న మోకాటికి, వ్రేళ్లకు అది బాగుగా పట్టును, నెత్తురులోనికి మిక్కిలి తక్కువగా పోవును. దినమునకు మూడు నాలుగు మారులు, కొన్ని వారములు రాయవలెను. ఒకదినము రాసి ఫలము లేదని పారవేయరాదు. కుర్చీలో కూర్చుండి కాలు చాచి, తొడ బిగించి, పదిలెక్కించి దింపుట నేర్చుకొనుడు. ఏ గోళీయు కట్టలేని గోడను ఆ కండరము కట్టును. పారాసిటమాల్ వాపును తగ్గించదు, మోకాటినొప్పికి దాని బలమును స్వల్పమే. అయినను కొందరికి చాలును, 650ది దినమునకు నాలుగు మించకుండ. ఇన్నిటికిని లొంగని దినములలో, డాక్టరుగారు మీ గోళీలన్నిటిని ఒక్కచోట చూచి ఒప్పుకొనినచో, తక్కువ మోతాదు, కొద్దిదినములు. ఏ గోళీ యనునది వారు చెప్పవలెను. షాపువాడు కాదు, నేనును కాను.

పంతులు: జ్వరము వచ్చినచో?

కాంపౌండరు: ఈ వానలలో జ్వరము వచ్చి ఒళ్లునొప్పులున్నచో నొప్పిగోళీ ముట్టనే వద్దు. చికున్‌గున్యా యనుకొని వేసికొందురు. డెంగీ అయినచో నెత్తురు కారును. తేలువరకు పారాసిటమాలే.

పంతులు: వాదమున మీరు గెలిచితిరని శిష్యుడు వ్రాసికొనుచున్నాడు. ఒక్క మాట చేర్చుమనుడు: నొప్పి యెంతయని నన్ను మొదట అడిగినవాడే నా వైద్యుడు. మీరు డబ్బా చూచితిరి; మోకాలు చూడలేదు.

కాంపౌండరుగారు అప్పుడు వంగి, పంతులుగారి ధోవతి కుచ్చెళ్లు ప్రక్కకు తీసి, వాచిన మోకాటిమీద చేయి వైచి చూచిరి. నా తీర్పు అడిగినచో, ఆ వాదమున వెంటనే సమాధానము రాని ప్రశ్నయు చివరి మాటయు పంతులుగారివే, నడుమనున్నదంతయు కాంపౌండరుగారిది.

మరునాటి పరీక్షలో క్రియాటినిన్ 1.6 వచ్చినది. డాక్టరుగారు నొప్పిగోళీని పూర్తిగా మాన్పించి, బీపీ మందును మార్చి, పూతమందు వ్రాసిరి. పంతులుగారు బోనాలకు గుడివరకు నడువలేదు. ఘటపు ఊరేగింపు ఏనుగుతోకూడ శాలిబండ మీదుగా చార్మినారు వైపు పోవునప్పుడు గడియారపు స్తంభము దగ్గర కుర్చీ వేయించుకొని చూచిరి. ఆరు వారములకు చేసిన రెండవ పరీక్షలో 1.3 వచ్చినది. మోకాలు మాత్రము మునుపటికంటె ఎక్కువగానే నొచ్చుచున్నదని వ్రాయుమనిరి, వ్రాసితిని.